కింది గొంతు

ఫిబ్రవరి 11

రాసుకో, హ్యాంగ్‌మీ. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ తెలివితేటలు కలపకు. అక్షరం రాదు కాబట్టి నువ్వేం రాశావో నాకు తెలియదనుకోకు, తిరిగి చదివించుకుంటాను. ఇది ఎవరికీ చూపించేది కాదు. నా వైపు మాట ఒకచోట ఉండాలి, అంతే.

నా పేరు మా బున్‌రే. నేనూ నా చెల్లెలు మల్సిమ్ కలిసి ‘ఉప్పుగాలి అక్కచెల్లెళ్లు’ అన్న పేరుతో యాభై ఏళ్లకు పైగా పాడాం. రేడియోలో పాడాం. అమెరికా సైనికుల క్యాంపుల్లో వాళ్ల పాటలు అర్థం తెలియకుండా పాడాం. టీవీలో పాడాం. టీవీ మమ్మల్ని మరిచిపోయాక సంతల్లో, కాబరేల్లో, ఎవరెవరివో షష్టిపూర్తి విందుల్లో పాడాం. పై గొంతు నాది, కింది గొంతు దానిది. మా పాటల్లో జనం నోట మిగిలింది ఒక్కటే, ‘సొల్పో చివరి పడవ’. మల్సిమ్ జనవరిలో పోయింది. హ్యాంగ్‌మి దాని కూతురు, బట్టలు సరిచేసే కొట్టు నడుపుతుంది. కుట్టుమిషను పక్కన పెట్టుకుని ఇది రాస్తోంది.

ఇక సంగతి. ఈరోజు సొల్పో టౌన్ ఆఫీసు నుంచి తక్ అనే అధికారి వచ్చాడు. రేవులో మా పాటకు శిల నిలబెడతారట. దాని మీద పాట మాటలు చెక్కి, పక్కన ఒక మీట పెడతారు. నొక్కితే పాట వినిపిస్తుంది. తన పేరున్న పాట ఒకటి దొరికితే చాలు, ఇప్పుడు ఏ ఊరైనా ఇలాంటిది పెట్టుకుంటోంది.

“పాత రికార్డు నిండా గీతలేనమ్మా. అసలు టేపు వరదలో పోయిందట. కొత్తగా పాడించాలి,” అన్నాడు తక్.

“పాడతాను.”

“పై గొంతు హారమ్ పాడుతుంది. టీవీ పోటీలో గెలిచిందే, ఆ అమ్మాయి. మీరు కింది గొంతు అందుకుంటే…”

“నీ వయసెంత?”

“నలభై మూడమ్మా.”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఆ పై గొంతు నాది. నీ చెప్పులు ఇంకొకడికిచ్చి నువ్వు వట్టి కాళ్లతో ఇంటికెళ్తావా?”

“బిగుతైపోతే ఇచ్చేస్తానమ్మా,” అని నవ్వాడు. నోరున్నవాడే.

రెండు గొంతులూ నేనే పాడతానన్నాను. ముందు పైది పాడతాను, తర్వాత కిందిది, యంత్రం అతికిస్తుంది. ఇప్పుడు అందరూ చేసేదే. శ్రుతి కూడా పాత రికార్డులో ఉన్నదే. మార్చి నెలాఖరుకు స్టూడియో. నా గొంతు పైకి వెళ్లకపోతే ఆ పిల్లే పాడుకోవచ్చు. అతను సరేనన్నాడు. ఇందులో మోసమేమీ లేదు. కానీ కాగితం మీద నా ముద్ర పడకుండా ఆ పాట శిలకు ఎక్కదు. అదీ అతనికి చెప్పి పంపాను.

ఫిబ్రవరి 13

అమ్మ పోయిన రోజు గురించి చెప్పు పెద్దమ్మా అంది హ్యాంగ్‌మి. తనూ అక్కడే ఉంది కదా. సరే, చెబుతాను.

ఆస్పత్రి కింద అంతస్తులోనే అంత్యక్రియల తంతంతా. ఒక గదిలో పూల మధ్య ఫోటో, పక్క గదిలో వచ్చినవాళ్లకు భోజనాలు. కారంగా గొడ్డుమాంసం పులుసు. ఫోటో ముందు అందరూ సాగిలపడి మొక్కారు. నేను మొక్కలేదు. తమకంటే చిన్నవాళ్ల ఫోటోకు పెద్దవాళ్లు మొక్కరు. కాబట్టి నాకు చేసే పనేమీ లేదు. నిలబడ్డాను. కాళ్లు లాగితే కూర్చున్నాను. పులుసు బాగుంది. ఇంకొంచెం వేయించుకున్నాను.

మా కాలపు గాయని ఒకావిడ నా చెవి దగ్గరకు వంగి, “అక్కా, ఒక్క బొట్టయినా కన్నీరు పెట్టవే, జనం చూస్తున్నారు,” అంది.

“టిక్కెట్టు కొని వచ్చారా?” అన్నాను.

అంతే. ఇంకేం లేదు.

ఫిబ్రవరి 14

ఏమీ లేదు. ఎండుచేప పులుసు తాగాను. కింద వేడి పెట్టిన నేల మీద పడుకున్నాను.

ఫిబ్రవరి 20

పాంగ్ మాస్టారి గదికి వెళ్లాను. మాకు అకార్డియన్ వాయించిన మనిషి. మా బ్యాండులో ఇంకా బతికున్నది అతనొక్కడే. మెట్లు దిగాలి, కింద బూజు వాసన, కానీ గది మంచిది, గొంతును దాచదు.

“ఏ శ్రుతి అక్కా?” అన్నాడు.

“ఏం ప్రశ్న అది? మన శ్రుతి. ఎప్పుడూ పాడేదే.”

అకార్డియన్ పట్టీ భుజానికి వేసుకుంటూ కాస్త ఆగాడు. నడుము నొప్పేమో.

పాడాను. ‘రేవు దీపం ఆర్పకమ్మా, చివరి పడవ ఇంకా రాలేదు.’ అందులో ‘ఇంకా’ దగ్గర గొంతు ఒక్కసారిగా మేడెక్కాలి. ఆ చోటు మింగేసే గాయనులను చాలామందిని చూశాను. నేను ఎక్కాను. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషిని, పట్టుకోకుండా ఎక్కాను. గట్టిగా రాసుకో, హ్యాంగ్‌మీ. ఎక్కింది. ఆ తక్ గారిని ఇప్పుడు ఎవరి చెప్పులు బిగుతో అడుగు.

మల్సిమ్ ఉండాల్సిన చోట ఏమీ వినిపించలేదు. ఉండదు కదా.

పాంగ్ అకార్డియన్ పక్కన పెట్టాడు. అల్లం టీ పోశాడు. మెచ్చుకోవడం అతనికి ఎప్పుడూ చేతకాదు.

ఫిబ్రవరి 27

ఈరోజు మల్సిమ్ పుట్టినరోజు. పుట్టినరోజుకు మేం తాగే సముద్రపు నాచు పులుసు వండాను. ఉప్పెక్కువైంది. మొత్తం తాగేశాను.

మార్చి 5

ఆ పిల్ల వచ్చింది, హారమ్. కొట్టుకే వచ్చింది. బేరిపండ్ల పెట్టె ఒకటి తెచ్చింది. గుడ్డపేలికల మధ్య మోకాళ్ల మీద వంగి నుదురు నేలకు తాకించింది.

“లే, సూదులుంటాయి,” అన్నాను.

“తక్ గారు పంపలేదు సీనియర్ గారూ, నేనే వచ్చాను. మా అమ్మమ్మ సొల్పోలో స్క్విడ్‌లు ఎండబెట్టేది. రోజంతా మీ పాటే. మీరు వద్దంటే నేను పాడను. ఆ మాట చెప్పి పోదామని.”

“నేను వద్దంటున్నానని ఎవరు చెప్పారు? నేను పాడతానంటున్నాను. రెండూ వేరు.”

“అవును సీనియర్ గారూ.”

“సరే, ఎలాగూ వచ్చావు. పాడు చూద్దాం.”

తన ఫోన్‌లో మా పాత రికార్డు పెట్టింది. దానితో కలిపి పాడింది. గొంతు శుభ్రంగానే ఉంది. విరుపులు ఎక్కువ. పీతకాళ్లు విరిచినట్టు ప్రతి మాటనూ విరుస్తుంది. అది నేర్పితే పోతుంది. నేను నేర్పను.

కానీ ఫోన్‌లో వినిపిస్తున్నది మేమిద్దరం. నాకు ఇరవై రెండు, దానికి పందొమ్మిది. ఆ రికార్డు నేను విని ఎన్నాళ్లయిందో. పాడేవాళ్లం, వినేవాళ్లం కాదు. ఆ శ్రుతి మన శ్రుతి కాదు. ఎక్కడో పైన ఉంది.

“నీ ఫోన్ వేగంగా తిరుగుతోంది,” అన్నాను.

“ఫోన్‌లో తిరిగేదేమీ ఉండదు సీనియర్ గారూ.”

“ఉంటుంది. నీకు తెలియదు.”

ఆ పిల్ల తల వంచుకుంది. హ్యాంగ్‌మి కుట్టుమిషను ఆపింది. కాసేపయ్యాక మళ్లీ తొక్కింది.

బేరిపండ్లు తియ్యగానే ఉన్నాయి.

మార్చి 6

ఆ ఫోన్ వేగంగా తిరుగుతోంది.

మార్చి 8

హ్యాంగ్‌మి ఫోన్‌లో కూడా విన్నాను. అదీ వేగంగానే తిరుగుతోంది.

మార్చి 12

మళ్లీ పాంగ్ దగ్గరకు వెళ్లాను.

“ఆ రికార్డు ఏ శ్రుతిలో ఉందో అదే వాయించు,” అన్నాను.

“అక్కా, వద్దు.”

“వాయించు.”

వాయించాడు. మొదలుపెట్టాను. మొదటి వరస దాటాను. ‘ఇంకా’ దగ్గరకు వచ్చేసరికి మెట్లు లేవు. నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు. పాంగ్ అకార్డియన్ మూసేశాడు.

“ఎప్పటినుంచి?” అన్నాను.

“నీకు యాభై దాటినప్పటినుంచి. కొద్దికొద్దిగా. ఒకసారి అర స్వరం, మూడు నాలుగేళ్లకు ఇంకో అర స్వరం. నీకు తెలిసేంతగా ఎప్పుడూ దించలేదు.”

“బ్యాండుకు తెలుసా?”

“అందరికీ తెలుసు. తెలియకుండా ఎలా వాయిస్తారు?”

“ఎవడు చెప్పాడు నీకు దించమని?”

పాంగ్ టీ పోయబోయాడు. వద్దన్నాను.

“మల్సిమక్క,” అన్నాడు. “‘పాంగ్, అక్కకు ఆ చోట మెడ నరాలు లేస్తున్నాయి. కొంచెం దించు. తనకి మాత్రం చెప్పకు, చెబితే రక్తం కక్కుకునైనా పాతదే పాడుతుంది,’ అంది. ‘మరి నీ సంగతో? తను దిగితే నువ్వూ దిగాలి కదా, నీ కిందేం మిగలదు,’ అన్నాను. ‘నా సంగతి నేను చూసుకుంటాలే,’ అంది.”

కోటు తొడుక్కోబోయాను.

“అక్కా, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు నువ్వు పై గొంతు అని పాడుతున్నది, ఆ రికార్డులో మల్సిమక్క పాడిన చోటే ఉంది. నువ్వు ఆమె చోటుకు వచ్చేశావు. ఆమె ఇంకా కిందికి పోయింది. చివరి ఏళ్లలో కొన్ని మాటలకు ఆమె దగ్గర స్వరమే లేదు, ఉత్త ఊపిరి. నువ్వేమో అందరి ముందూ, ‘పాడుతున్నావా, గొణుక్కుంటున్నావా’ అనేదానివి.”

“గొణుగుతున్నట్టే ఉండేది. ఉన్న మాటే అన్నాను.”

“ఉన్న మాటే,” అన్నాడు పాంగ్.

మెట్లెక్కి బయటికి వచ్చాను. బస్సు వెంటనే దొరికింది. కూర్చోవడానికి సీటు కూడా దొరికింది.

మార్చి 13

నిన్నటిది మొత్తం రాశావా, హ్యాంగ్‌మీ? చదువు.

చదివింది. మధ్యలో ఒక వరస రెండుసార్లు చదివింది. మంచినీళ్లు తాగమన్నాను.

“నీకు తెలుసా?” అన్నాను.

“శ్రుతి సంగతి తెలియదు పెద్దమ్మా. కానీ అమ్మ వంటింట్లో ఒకటి చేసేది. గిన్నెలు తోముతూ సింకులోకి వంగి ఒకటే మాట, అడుగున, ఇంకా అడుగున, ‘చివరి, చివరి, చివరి’ అని. ఏమిటమ్మా ఆ మూలుగుడు అంటే, ‘మెట్లు దిగుతున్నానే, మీ పెద్దమ్మ దిగింది కదా’ అనేది. నాకేమీ అర్థమయ్యేది కాదు.”

నాకు పాటలు నేర్పింది మల్సిమే. మాటలు చదివేది అది. నా చెవిలో ఒక్కొక్క వరస చెప్పేది, నేను పట్టుకునేదాన్ని. నాకు రాకముందే దానికి నా పై గొంతు కూడా వచ్చి ఉండేది. ఇందులో కొత్తేమీ లేదు. మామూలు విషయం. ఎందుకు చెబుతున్నానో.

“ఏడుస్తావా పెద్దమ్మా?” అంది హ్యాంగ్‌మి.

“రావట్లేదు. నువ్వు ఏడువు, నీకు అమ్మ.”

ఈరోజుకు చాలు.

మార్చి 16

ఏమీ లేదు.

మార్చి 19

తక్ ఫోన్ చేశాడు. స్టూడియో కుదిరింది. “గొంతెలా ఉందమ్మా?” అన్నాడు. దివ్యంగా ఉందన్నాను.

మార్చి 27

స్టూడియో. అక్కడి మనుషులు ఇద్దరు కుర్చీల్లో, ఒకడు అద్దం వెనక. పాంగ్ వచ్చాడు. తక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హారమ్ కింద కారులో ఉందని నాకు చెప్పలేదు. హ్యాంగ్‌మి కిటికీలోంచి చూసి చెప్పింది.

“పాత శ్రుతి,” అన్నాను. ఎవరూ కాదనలేదు. మాట నేనే ఇచ్చాను కదా.

మొదటిసారి ‘ఇంకా’ దగ్గర దగ్గు. దుమ్ము అన్నాను. ఏసీ ఆపారు. రెండోసారి పగిలింది. మైకు దూరమన్నాను. దగ్గర పెట్టారు. తర్వాత ఏమీ రాలేదు. అద్దం వెనకవాడు ఎంతో మర్యాదగా, “ఇంకొకసారి చూద్దామా అమ్మా?” అన్నాడు. ఆ మర్యాద నాకు తెలుసు. సంతల్లో తాగినవాణ్ణి స్టేజీ దింపేటప్పుడు వాడేది.

తక్ గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, మాట ప్రకారం…”

“నాకు మాట గుర్తుంది. నా గొంతు పైకి వెళ్లలేదు, రాసుకో. ఇప్పుడు కింది గొంతు పాడతాను. శ్రుతి ఇదే.”

పాంగ్ వైపు చూశాను. వాయించాడు.

దానికోసం వెతకనక్కర లేకపోయింది. అక్కడే ఉంది. ఎన్నేళ్లు నా పక్కన వినిపించిందో అది. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలుసు, ఏ మాట చివర సన్నగా లాగుతుందో తెలుసు. ‘ఇంకా’ దగ్గర నేను మేడెక్కినప్పుడల్లా అది అక్కడే నిలబడి నిచ్చెన పట్టుకునేది. ఆ చోట పాడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒకటే స్వరం, కదలకుండా నిలబెట్టాలి. నిలబెట్టాను. ఒక్కసారికే అయిపోయింది.

అద్దం వెనకవాడు చెయ్యెత్తి బాగుందన్నాడు. హ్యాంగ్‌మి బయటికి వెళ్లిపోయింది.

“అద్భుతం అమ్మా,” అన్నాడు తక్. “ఇక హారమ్‌ను పిలుస్తాను. పైది ఒక గంటలో…”

“పిలవకు. ఇంతే.”

“ఇంతే అంటే?”

“పాట అయిపోయింది. ఇది పెట్టు.”

అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది. “అమ్మా, ఇందులో పాటేది? అసలు రాగమే లేదు. పక్కింట్లో ఎవరో పాడుతుంటే గోడకు చెవి పెట్టి విన్నట్టుంది.”

“పక్కింటిదే.”

“పై గొంతు రాకపోతే హారమ్ పాడొచ్చని మీరే అన్నారు.”

“పాడొచ్చన్నాను. పాడనిస్తాను కూడా. స్టేజీ మీద పాడుకోమను, టీవీలో పాడుకోమను, దీవించి పంపుతాను. ఆ శిలలో మాత్రం ఇదొక్కటే. దీనిమీద ఇంకేం అతికించినా నా ముద్ర పడదు.”

“మాట తప్పుతున్నారమ్మా.”

“అవును. తప్పుతున్నాను. ఎక్కడైనా రాసుకో.”

“మరి ప్రారంభానికి అంతమంది వస్తారు, మేయరు గారు మీట నొక్కుతారు, ఇదా వినిపించేది? నా ఉద్యోగం…”

“నీ ఉద్యోగం పోదు. ముసలిది మొండికేసిందని చెప్పు. అందరూ నమ్ముతారు.”

పాంగ్ అకార్డియన్ పెట్టెలో పెట్టుకుంటున్నాడు. నవ్వుతున్నాడో ఏమిటో, వీపు నా వైపు ఉంది.

ఏప్రిల్ 2

తక్ ఫోన్ చేశాడు. ముద్ర వేయనన్నాను.

ఏప్రిల్ 9

తక్ ఫోన్ చేశాడు. తర్వాత అతని పైవాడు చేశాడు. పైవాడికి మర్యాద తక్కువ. వేయనన్నాను.

ఏప్రిల్ 15

హారమ్ హ్యాంగ్‌మికి ఫోన్ చేసి నాకు ఇమ్మంది. “సీనియర్ గారూ, ఆ రికార్డింగ్ రోజులకు నాకు వేరే కచేరీ కుదిరిందని టౌన్ ఆఫీసుకు చెప్పేశాను,” అంది.

“కుదిరిందా?”

“లేదు.”

“విరుపులు తగ్గించు,” అన్నాను. “మూడు చోట్ల విరిస్తే చాలు. వచ్చేవారం రా, ఏ మూడో చెబుతాను.”

ఏప్రిల్ 22

తక్ తనే వచ్చాడు. చెక్కడం అయిపోయిందట, శిల లారీ ఎక్కిందట, ఇక వేరే దారి లేదట. ముఖం పీక్కుపోయింది. అన్నం పెట్టాను. తిన్నాడు. ముద్ర వేశాను. కింద ఒక వరస రాయించాను, పాడింది మా మల్సిమ్ భాగం మాత్రమే అని. అతనే రాసి చదివి వినిపించాడు. హ్యాంగ్‌మి కూడా చదివి సరిపోయిందంది.

మే 17

సొల్పో వెళ్లి వచ్చాం. హ్యాంగ్‌మి కారు నడిపింది.

రేవులో కుర్చీలు వేశారు. మొదటి వరసలో నన్ను కూర్చోమన్నారు. మోకాళ్లు పట్టేస్తాయి, నిలబడతానని వెనక్కి పోయాను. వెనక స్క్విడ్‌ల వాళ్లు, రబ్బరు చేతి తొడుగులు తీయకుండానే వచ్చి నిలబడ్డారు. ఎండలో టోపీలు. నన్నెవరూ గుర్తుపట్టలేదు. మంచిదైంది.

మేయరు మాట్లాడాడు. ఎవరో పెద్దమనిషి మాట్లాడాడు. తెల్లగుడ్డ లాగారు. శిల నల్లగా, నున్నగా ఉంది. మేయరు మీట నొక్కాడు.

కింది గొంతు వచ్చింది. ఒక్కటే. పాంగ్ అకార్డియను, ఆ గొంతు.

ముందు వరసలో తలలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. ఎవరో దగ్గారు. తక్ నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. యంత్రం పాడైందేమో చూడమని మేయరు పక్కవాడితో అనడం వెనక దాకా వినిపించింది.

“ఇదేం పాటే?” అంది నా ముందున్న ఆవిడ.

“చివరి పడవేనే. మాటలు వినబడట్లా?”

“మాటలు అవే. మరి పాటేది? సగం ఎవరెత్తుకుపోయారు?”

“ఇదిగో, ఇలా కదా,” అని ఒకావిడ తొడుగున్న చేత్తో గాలిలో చూపిస్తూ పై గొంతు అందుకుంది. శ్రుతి లేదు, ఏమీ లేదు, నోటికి వచ్చినట్టు. పక్కావిడ, “అలా కాదే మొద్దూ, ఇంకా పైకి,” అని తనూ కలిపింది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఎవరెవరో, ఎన్ని గొంతులో. ‘ఇంకా’ దగ్గర సగం మంది అందుకోలేక నవ్వేశారు. సగం మంది ఎక్కారు. కింద ఆ ఒకటే స్వరం కదలకుండా నిలబడి ఉంది.

పాట అయిపోయింది. కుర్చీల్లోవాళ్లు ఆలస్యంగా చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీసుకున్నారు. భోజనాలకు వెళ్లిపోయారు. స్క్విడ్‌ల వాళ్లు వెళ్లలేదు. శిల దగ్గరకు వచ్చి దాన్ని తడిమారు, చేతి తొడుగుల తడి దానికి అంటుకుంది. నేనూ దగ్గరకు వెళ్లాను. హ్యాంగ్‌మి నా మోచెయ్యి పట్టుకుంది.

ఇందాకటి ఆవిడ నావైపు తిరిగింది. నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది.

“ఏం అవ్వా, బొమ్మలా నిలబడ్డావు? నీకీ పాట రాదా?”

“వచ్చు.”

“మరి ఇందాక నోరు తెరవలేదేం? మళ్లీ నొక్కుతున్నాం, నువ్వూ కలుపు. ఇది ఇంతమంది పాడితేగాని నిండేట్టు లేదు.”

“నాకు పై గొంతు రాదు,” అన్నాను.

అనేశాను. మామూలుగానే వచ్చింది. సముద్రం వైపు చూశాను, అటు ఏమీ లేదు.

“రాకపోతే పక్కన నిలబడి విను,” అందావిడ. “ఒసేయ్, అందరూ ఉన్నారా? ఈసారి అందరం ఒక్కసారే ఎత్తుకుందాం.”

మీట నొక్కింది. మల్సిమ్ మొదలుపెట్టింది.